మా ఇంటికొచ్చిన బీరు కళాకారుడు

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. చెట్టికరైలో ఇంజినీరింగు ముగించి, బెంగళూరులో మూడు నెలలకొక పని మారుస్తూ, చేరిన వారానికే "ఇది నాకు తగింది కాదు" అనుకుంటూ తిరిగే వయసు. అట్లా తిరిగి తిరిగి ఒక క్రాఫ్ట్ బీరు కంపెనీలో పడినాను. పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు, నాలుగు స్టీలు ట్యాంకుల్లో కొంచెం కొంచెంగా తయారుచేసి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి అమ్మే చోటు. సీసా మీద అతికించే కాగితానికి నాలుగు మాటలు రాయడం నా పని. (నేను ఒక్క చుక్క కూడా తాగి ఎరగను. తాగనివాళ్ళే బాగా రాస్తారని మా యజమాని నమ్మకం.)

ఆ యజమానిని మేము వెనకాల 'కళాకారుడు' అని పిలిచేవాళ్ళం. ఆయన ముందర బీరు అనే మాట అనకూడదు, "మీ సృష్టి" అనాలి. ఒకసారి ఒక ట్యాంకు మరీ పులిసిపోతే పారబోయలేదు, 'విరహం' అని పేరు పెట్టి అమ్మేసినాడు. దాని కింద నేను "విడిపోయినవాళ్ళ ఉత్తరాల వాసన" అని రాసి, నన్ను మించిన రచయిత్రి కర్ణాటక మొత్తంలో లేదని రెండు రోజులు తల ఎగరేసుకొని తిరిగినాను.

ఇంట్లో మాత్రం జ్యూస్ కంపెనీ అని చెప్పినాను. ఏం చేయను? మా నాయిన ఒకప్పుడు బాగా తాగేవాడు. నేను పదో తరగతిలో ఉండగా ఒక పొద్దున లేచి, ఎవరికీ ఏమీ చెప్పకుండా మానేసినాడు. ఆ తరువాత మా ఇంట్లో ఆ మాటే ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ మొదలవుతుందేమోనని అమ్మకు భయం.

ఇట్లా ఉండగా కళాకారుడికి రాగులతో బీరు చేయాలని బుద్ధి పుట్టింది. "రాగి పండే నేలను చూడకుండా నేను ఎట్లా సృష్టించేది? మీది ఏ ఊరు?" అన్నాడు. నోరు జారి మారండహళ్ళి అని, మాకు రాగి చేను ఉందని చెప్పేసినాను. ఆ ఆదివారమే ఆయన కారు, అందులో నేను, మా వాకిట్లో ఆగినాము.

ఆయన దిగీ దిగగానే చేనులోకి పోయి, పిడికెడు మట్టి తీసి, కళ్ళు మూసుకొని వాసన చూసినాడు. మేకలను కట్టేస్తున్న నాయిన నా దగ్గరికి వచ్చి, "ఏమ్మా, సారుకు తల తిరుగుతా ఉందా? మజ్జిగ ఇప్పించేదా?" అన్నాడు. మజ్జిగ వచ్చేలోపల కళాకారుడు కారులోంచి ఒక సీసా తెచ్చి టప్పున మూత తీసినాడు. ఆ చప్పుడుకు, మళ్ళీ మేకల దగ్గరికి పోయిన నాయిన చెయ్యి తాడు మీద అట్లే ఆగిపోయింది. నేను వంటింట్లోకి పోయినాను, మళ్ళీ వాకిట్లోకి వచ్చినాను, ఎక్కడా నిలబడలేకపోయినాను.

"ఇదేనా మీ జ్యూసు? నురగ వస్తా ఉందే!" అనింది అమ్మ.

"రాగి జ్యూసుమా. అట్లే వస్తుంది," అని నోటికొచ్చింది చెప్పినాను.

కళాకారుడు ఒక గ్లాసులో పోసి నాయిన చేతికిచ్చి, "కళ్ళు మూసుకొని వాసన చూడమని చెప్పు. ఏం కనిపిస్తా ఉందో అడుగు," అని ఇంగ్లీషులో అన్నాడు. నేను తెలుగులో చెప్పినాను. నాయిన బుద్ధిగా కళ్ళు మూసుకొని గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం కనిపిస్తా ఉంది నాయినా?"

"మీ అమ్మ. చీపురు పట్టుకొని నిలబడి ఉంది."

"పాత జ్ఞాపకాలు వస్తున్నాయట సార్," అన్నాను. కళాకారుడి కళ్ళు చెమ్మగిల్లినాయి. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాడు.

నాయిన ఇంకా గ్లాసు దించలేదు. ఇంతలో, ఇన్నేళ్ళూ ఆ మాటకే భయపడిన అమ్మే, "తాగవయ్యా! సారు అంత దూరం నుంచి తెచ్చినారు, తాగకుంటే మర్యాదగా ఉండదు," అనింది. నాయిన ఒకసారి గ్లాసును చూసినాడు, ఒకసారి నన్ను చూసినాడు. తరువాత మెల్లగా దాన్ని అరుగు మీద పెట్టేసినాడు.

"నాకు షుగరు ఉంది కదా. జ్యూసు పడదు."

"షుగరా? ఎప్పుడొచ్చింది?" అనింది అమ్మ.

"ఇప్పుడే."

కళాకారుడు స్ఫూర్తి కోసం పక్కనే ఉన్న తుంబలహళ్ళి డ్యామ్ చూడాలని వెళ్ళిపోయినాడు. నేను బస్సులో వస్తానని తప్పించుకున్నాను. నాయిన మోపెడ్ మీద నన్ను బస్టాండులో దింపినాడు. బండికి స్టాండు వేసి, నాతోపాటు బస్సు కోసం నిలబడినాడు. రోడ్డునే చూస్తూ, "సీసా మీద ఏమో రాసి ఉందే, అది నువ్వు రాసిందేనా? ఏముంది దాంట్లో, చెప్పు," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోతూ తెలుగులో చెప్పినాను. "వానకు ముందు ఎర్రమట్టి పట్టే మౌనం. నాలుక చివర చింతపూల నీడ."

నాయిన తల ఊపుతూ విన్నాడు. "ఇన్ని ఉన్నాయా దాంట్లో? నేను తెలియక గబగబా తాగేస్తినే!" అన్నాడు.

ఇద్దరమూ నవ్వినాము. తాను తాగే రోజుల గురించి నాయిన నోట వచ్చిన మొదటి మాట అదే. హోసూరు బస్సు వచ్చి ఆగేదాకా నవ్వుతూనే ఉన్నాము.

ఇంకో రెండు నెలలకు ఆ పని కూడా వదిలేసినాను. ఇప్పుడు మోటారు పంపుల కంపెనీలో ఉన్నాను. "స్విచ్ వేసే ముందు చేతులు తడి లేకుండా చూసుకోండి" లాంటివి రాస్తాను. ఏళ్ళుగా ఇదే కుర్చీ. అప్పుడప్పుడు, రుచి చూడని దానిలో చింతపూల నీడను కనిపెట్టిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వుకుంటాను. దాని పొగరులో సగమైనా మిగిలి ఉంటే బాగుండేదే అని కూడా అనుకుంటాను.