ఎర్రకోవా, పోతుదూడ

మా నాయనమ్మ చేసే కోవా తెల్లగా ఉండేది కాదు, కాల్చిన ఇటుక రంగులో ఉండేది. ముందు ఇనప మూకుట్లో గుప్పెడు పంచదార ఒక్కటే వేసి, అది కరిగి తేనె రంగుకి తిరిగేదాకా కళ్ళార్పకుండా చూసేది. ఇంక మాడిపోతుందనగా గ్లాసెడు పాలు పోసేది. చుయ్యిమని పొంగేది. ఆ తర్వాత మిగతా పాలన్నీ పోసి, మూడు గంటలపాటు అట్లకాడతో అడుగు గీకుతూ కూర్చునేది. చివరికి ముద్ద మూకుణ్ణి వదిలేసి అట్లకాడకి చుట్టుకునేది. నెయ్యి రాసిన పళ్ళెంలో పరిచి బిళ్ళలు కోసేది. కొరికితే పళ్ళకి అంటుకుని సాగేవి. మూకుడు అడుగున మిగిలిన గోకుడంతా నాది.

అప్పుడు నాకు పదేళ్ళు. ఏలూరులో కాలువకి దగ్గరగా ఉండేవాళ్ళం. నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఆయన్ని ఏజెన్సీలోకి బదిలీ చేస్తాడని వినపడింది. తమ్ముడు పుట్టి నెల కూడా కాలేదు, అమ్మ బాలింత. నాన్నకి భయంతో అన్నం సయించలేదు. నాయనమ్మ మాత్రం ఆ ఆదివారం కోవా చేసి, పళ్ళెం మీద గుడ్డ కప్పి, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసరు గారింటికి వెళ్ళింది.

ఆఫీసరు గారి భార్య ఒక బిళ్ళ నోట్లో వేసుకుని, అది కరగకముందే ఇంకోటి అందుకుంది.

"ఏవండీ పెద్దమ్మగారూ, ఇలాంటిది నేనెక్కడా తినలేదండీ. ఎలా చేశారండీ?"

"మీకెందుకండీ ఆ శ్రమంతా? వారం వారం నేనే తెచ్చిస్తానుగా," అంది నాయనమ్మ నవ్వుతూ.

అలా వారం వారం అనేసి వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్క గేదె.

ఆ గేదెని మండవల్లి నుంచి తెచ్చారు. కొల్లేటి గడ్డి మేసి పెరిగింది, పాలు చిక్కన. ఆ ఏడు పోతుదూడని ఈనింది. గేదె చేపాలంటే ముందు దూడ మూతి పెట్టాలి. అది పొదుగుని కుమ్మి నాలుగు గుక్కలు తాగేసరికి పాలు దిగుతాయి. అప్పుడు దూడని లాగి గుంజకి కట్టేసి పాలు పితకాలి. లాగే పని నాకు అప్పజెప్పింది నాయనమ్మ.

"ఇరవై లెక్కపెట్టి లాగెయ్యి. పోతుదూడ, పెంచి ఏం చేసుకుంటాం?"

నేను పన్నెండుకే లాగేసేదాన్ని. అలా చెయ్యమని నాకు ఎవరూ చెప్పలేదు. పాలు ఎక్కువైతే కోవా ఎక్కువ, గోకుడు ఎక్కువ. అంతవరకు లెక్క నాకు వచ్చు. దూడ మూతి నిండా నురగతో పొదుగుకేసి మెడ సాచేది. తాడు బిగిసి దాని కళ్ళు పైకి తేలేవి. నేను తాడుని ఇంకో చుట్టు చుట్టేదాన్ని.

మూడు వారాలకి దాని డొక్కలు లోపలికి పోయాయి. నిలబడితే వెనక కాళ్ళు వణికేవి. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని వసారాలోంచి చూసేది.

"అత్తయ్యగారూ, అది నిలబడలేకపోతోందండీ. ఒక్క పూట దానికి వదిలెయ్యండి."

"నీ పిల్లాడికి పాలు చాలకపోతే నాతో చెప్పు. దూడ సంగతి నీకెందుకు?"

ఒక మధ్యాహ్నం నాయనమ్మ నిద్రపోతుంటే అమ్మే లేచి వెళ్ళి దూడని విప్పింది. అది కడుపు నిండా తాగింది. సాయంత్రం గిన్నెలో సగం పాలు కూడా పడలేదు. నాయనమ్మ కేకలు వెయ్యలేదు. ఆ రోజు నుంచి నాలుగు రోజులు అమ్మకి చుక్క పాలు పొయ్యలేదు, అన్నంలో పెరుగు వెయ్యలేదు. "దూడ తాగిందిగా. నువ్వు తాగినట్టే," అంది. బాలింత అమ్మ చారన్నం తిని చెయ్యి కడుక్కుంది. నాన్న ఎదురుగానే కూర్చున్నాడు. తన కంచంలో పెరుగు కలుపుకుని తిన్నాడు.

మళ్ళీ అమ్మ పాకలోకి వెళ్ళలేదు.

ఒక పొద్దున నేను తాడు విప్పబోతే దూడ గుంజకి మూతి ఆనించి పడి ఉంది. నాలిక బయటికి వచ్చేసింది. నేను కేక పెడితే నాయనమ్మ వచ్చి కాలితో కదిపి చూసింది.

"ఇవాళ ఆదివారమే," అంది.

గేదె ఆ పూట చేపలేదు, గిన్నెని తన్నేసింది. నాయనమ్మ ఎవరో మనిషిని పిలిపించింది. అతను పెరట్లోనే దూడ తోలు ఒలిచి, ఉప్పు రాసి, రెండ్రోజులు ఆరనిచ్చి, లోపల ఎండుగడ్డి కుక్కి కుట్టాడు. కాళ్ళకి నాలుగు కర్రలు పెట్టాడు. కళ్ళ చోట కన్నాలు అలాగే ఉన్నాయి. నాన్న పెరటి వైపు రాకుండా వీధి గుమ్మంలోంచే ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

ఆ బొమ్మదూడని పట్టుకుని నిలబడడం కూడా నా పనే. నాయనమ్మ దాని వీపు మీద ఉప్పునీళ్ళు చల్లింది. గేదె ముందు వాసన చూసింది. గొంతులోంచి చిన్నగా ఒక మూలుగు తీసి, నాకడం మొదలుపెట్టింది. వీపు, మెడ, చెవులు, ఏదీ వదల్లేదు. అది నాకుతున్న ఊపుకి నా చేతులు ఊగాయి. కుట్ల మధ్య నుంచి గడ్డిపరకలు రాలాయి.

"చేపింది! చేపింది!" అంది నాయనమ్మ సంతోషంగా.

ఇంక లెక్కపెట్టే పని లేదు. పాలన్నీ మావే. ఆ వారం మూకుట్లో గోకుడు ఎన్నడూ లేనంత మిగిలింది. నేను తిన్నాను. చేదనిపించింది అని రాస్తే బాగుంటుంది గానీ, అనిపించలేదు. ఎప్పటిలాగే తియ్యగా ఉంది. వేళ్ళు కూడా నాకాను.

నెల తిరిగేసరికి బదిలీ ఆర్డర్లు వచ్చాయి. వాటిలో నాన్న పేరు లేదు. ఏజెన్సీకి ఇంకో గుమాస్తాని వేశారు, ముగ్గురు పిల్లలున్నవాణ్ణి. నాన్న ఆ సాయంత్రం నాయనమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. అమ్మ పక్కింటికి వినపడేలా ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తోందని నాన్న అందరికీ చెప్పాడు.

ఆ తర్వాత ఆఫీసరు గారింటికి పళ్ళెం వెళ్ళడం ఆగిపోయింది. గేదెకి పాలు తగ్గాక నాయనమ్మ దాన్ని పెదపాడు మనిషికి అమ్మేసింది. అతను పలుపు పట్టుకుని లాగితే అది పాక దాటి రాలేదు. కర్రతో రెండు వేశాడు. మోకాళ్ళ మీద కూలబడింది గానీ కదల్లేదు.

"అలా కాదు, ఉండవయ్యా," అని నాయనమ్మ లోపలికి వెళ్ళి, చూరు కింద నుంచి బొమ్మదూడని తెచ్చి అతని చేతికిచ్చింది. అప్పటికి దాని ఒక చెవి ఊడిపోయింది. అతను దాన్ని భుజాన వేసుకుని ముందు నడిచాడు. గేదె లేచింది. పలుపు పట్టుకునేవాళ్ళు లేకుండానే అతని వెనకాల బయల్దేరింది, మధ్యమధ్యలో మెడ చాచి ఆ తోలుని నాకుతూ.

కాలువ గట్టు దాకా నేనూ వెనకాల వెళ్ళాను. అతను తిరిగి చూసి నవ్వాడు.

"ఇంటికెళ్ళమ్మా. ఇదింక ఎక్కడా ఆగదులే."