ఐసు కోసం జాలరిపేట, ఎలక్ట్రాన్ కోసం కూర్మన్నపాలెం

ఈ ప్రయాణానికి కారణం మా గైడుగారితో నాకున్న పేచీ. రేడియేషన్ నీటిని తాకగానే కొన్ని ఎలక్ట్రాన్లు విడిపోయి, క్షణంలో నీటి అణువుల మధ్య చోటు చూసుకుని కుదురుకుంటాయి. రేడియేషన్ చికిత్సలో మంచి కణాలను కాపాడటానికి పనికొస్తుందేమోనని నేనొక పదార్థం తయారుచేశాను. ఎలక్ట్రాన్ కుదురుకున్నాకే అది దాన్ని పట్టుకుంటుందని ఆయన వాదన. కుదురుకోకముందే లాగేసుకుంటుందని నాది. "సాక్ష్యం లేకపోతే థీసిస్‌లోంచి ఆ అధ్యాయం తీసెయ్యమ్మా" అన్నారాయన. రెండేళ్ళ కష్టం! తీస్తే ఒట్టు.

అంత తక్కువ సమయంలో జరిగేది చూడాలంటే అతివేగపు ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ ఉండాలి. వైజాగ్ బయట, కూర్మన్నపాలెం దాటాక ఒక పరిశోధనాశాలలో అది ఉంది. నెలల తరబడి ఎదురుచూస్తే నాకు ఒక్క మధ్యాహ్నం కేటాయించారు. మీకూ అలాంటి అవకాశం వచ్చి దారి వెతుక్కుంటుంటే నా తిప్పలు చదివి వెళ్ళండి.

రాజమండ్రి నుంచి రైల్లో సెకండ్ సిట్టింగ్‌కి నూట చిల్లర అయింది. దువ్వాడలో దిగితే ల్యాబు దగ్గరే. కానీ నాకు సముద్రం మీద మోజు కదా, ముందురోజు సాయంత్రమే వైజాగ్ దాకా వచ్చి బీచి పక్కన లాడ్జిలో దిగాను. నా పదార్థం వేడి తగిలితే పాడైపోతుంది, మళ్ళీ చేయడానికి నెలలు పడుతుంది. సీసాని లాడ్జి ఫ్రిజ్‌లో పెట్టించి హాయిగా నిద్రపోయాను. పొద్దున్న ఏడింటికి వెళ్ళి చూద్దును కదా, ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి ఉంది, ఆ సాకెట్లో ఎవరిదో సెల్‌ఫోన్ ఛార్జింగ్ అవుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సీసా పట్టుకుంటే ఇంకా కాస్త చల్లగానే ఉంది, అదే అదృష్టం.

రోడ్డు మీద దొరికిన ఆటో డ్రైవరు పేరు రహీం, పాతపట్నం మనిషి. కూర్మన్నపాలేనికి ఐదొందలకి ఒప్పుకున్నాడు. సిటీ బస్సులో అయితే యాభై లోపే వెళ్ళొచ్చు, కానీ సీసా ఉన్న థర్మోకోల్ పెట్టె పట్టుకుని నిలబడలేం. ముందు ఐసు కావాలన్నాను.

"షాపులింకా తియ్యనేదు మేడమ్. జాలరిపేట ఎల్దాం. సేపలున్న కాడ అయిస్ ఉండదేటి?" అన్నాడు.

జాలరిపేటలో ఒడ్డునే ఒకావిడ చేపలు సర్దుకుంటోంది. పక్కన పెట్టె నిండా దంచిన ఐసు. డబ్బులిస్తాను, నాలుగు దోసిళ్ళు పొయ్యమన్నాను. చెయ్యి అడ్డం పెట్టేసింది.

"ఓలమ్మా, ఇంకా బోణీ కానేదు. బోణీకి అయిస్ అమ్ముకుంతానేటి? ముందు సేపలు తీసుకో, అయిస్ నీకు ఎంత కావాలంటే అంత ఏత్తాను."

"చేపలు నేనేం చేసుకోనమ్మా? ప్రయోగశాలకి వెళ్తున్నాను."

"అక్కడ మడుసులు తినరేటి?"

నాలుగు చందువా చేపలు కొన్నాను, బేరం కూడా ఆడలేదు. ఆవిడ నోటు కళ్ళకద్దుకుని సీసా చుట్టూ ఐసు కూరింది. అంతలో ఒక పడవ వచ్చింది. అదింకా ఇసకెక్కనే లేదు, ఒకాయన మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగిపోయి సరుకంతా మాట్లాడేసుకున్నాడు. తట్టలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డవాళ్ళు తెల్లమొహాలు వేశారు. నా పదార్థం చేసే పని కూడా ఇదే కదా అని నవ్వుకున్నాను.

పోర్టు రోడ్డులో లారీల వెనక, గాజువాకలో సిగ్నళ్ళ దగ్గర ఈదుకుంటూ వెళ్ళేసరికి గంటంబావు పట్టింది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన పెట్టె మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"సీసా ఎల్తాది మేడమ్. సేపలు ఎల్లవు."

రహీం నవ్వాపుకుంటూ సంచీ అందుకున్నాడు. "నాను ఇంటికి అట్టుకెల్తాను. సాయంత్రం మిమ్మల్ని ఎక్కించుకోడానికి వచ్చినప్పుడు పులుసు తెత్తాను, సరేనా?"

లోపల యంత్రం బాధ్యత చూసే మూర్తిగారు నా చేతికి ఒక తాళంచెవి ఇచ్చారు. యంత్రం ఉన్న గదిలోకి ఎవరు వెళ్ళినా ఒక తాళంచెవి తీసుకెళ్ళాలి, అన్ని తాళంచెవులూ తిరిగి కంట్రోల్ పలకలోకి చేరితేగానీ ఎలక్ట్రాన్లు బయల్దేరవు. మందపాటి కాంక్రీటు గోడకి ఇవతల కూర్చుని తెర మీద చూడాలి. ఎలక్ట్రాన్ల గుంపు నీటిని తాకుతుంది, దాని వెనకే ఒక కాంతి తునక అదే నీటిలోంచి వెళ్తుంది. కుదురుకున్న ఎలక్ట్రాన్లు ఆ కాంతిని మింగేస్తాయి. ఎంత కాంతి తగ్గితే అన్ని ఎలక్ట్రాన్లన్నమాట, ఆ లెక్కే తెర మీద గీతగా వస్తుంది. ఒక అద్దాన్ని వెనక్కి జరిపితే కాంతి నడిచే దూరం పెరిగి కాస్త ఆలస్యంగా చేరుతుంది. అలా జరుపుకుంటూ ఒక్కో క్షణాన్నీ విడిగా చూడొచ్చు.

ముందు ఉత్త నీళ్ళు కొలిచాం. తర్వాత నా ద్రావణం గాజుపాత్రలో పోసి పెట్టాం. గీత మొదలవడమే నీళ్ళ గీత కంటే బాగా కిందనుంచి మొదలైంది! అంటే కుదురుకునే వేళకే ఎలక్ట్రాన్లు తక్కువున్నాయి. నేను కుర్చీలోంచి లేచిపోయాను. మూర్తిగారు చెయ్యి కలిపారు.

మరుక్షణమే ఒక సంగతి గుర్తొచ్చింది. ద్రావణం ఐసులోంచి తీసినది, బయట వైజాగ్ తేమగాలి. తాళంచెవి తీసుకుని లోపలికి పరుగెత్తాను. గాజు పాత్ర మీద పల్చగా చెమ్మ పట్టి ఉంది. మసక గాజు కాంతిని అటూ ఇటూ చెదరగొడుతుంది, ఎలక్ట్రాన్లున్న చోటు తప్పించుకున్న కాంతి కూడా కలిస్తే అవి తక్కువున్నట్టు కనబడొచ్చు, కొలతని నమ్మలేం. ఏడుపొచ్చింది. గాజు తుడిచాను. మూర్తిగారు మళ్ళీ చెమ్మ పట్టకుండా దాని చుట్టూ పొడి నైట్రోజన్ ఊదే గొట్టం బిగించారు. మిగిలిన సమయం గంట. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ నా ద్రావణం.

ఈసారి గీత ఇందాకటంత కిందికి లేదు. అయినా నీళ్ళ గీత కంటే కిందే మొదలైంది. ఇంకో రెండుసార్లు కొలిచాం. మారలేదు.

బయటికొచ్చి గైడుగారికి ఫోన్ చేశాను. గీత సంగతి విని, "సముద్రం ఊరు కదమ్మా, గాజు చూసుకున్నావా?" అన్నారు.

"తుడిచాకే ఫోన్ చేస్తున్నానండి."

"అయితే ఆ అధ్యాయం మొదట పెట్టు" అన్నారు.

రహీం స్టీలు క్యారేజీతో గేటు దగ్గరున్నాడు. "పనయిందా మేడమ్?" అన్నాడు. అయిందన్నాను. దువ్వాడ ప్లాట్‌ఫారం మీద కూర్చుని వేళ్ళు నాక్కుంటూ ఆ పులుసు తిన్నాను. నేను గెలుస్తానని మొదటినుంచీ నాకు నమ్మకమే, అబద్ధమెందుకు చెప్పాలి? కానీ ఆ మొదటి గీతతోనే ఇంటికొచ్చేసి ఉంటే, గైడుగారు అడిగిన ఆ ఒక్క ప్రశ్నకి నా దగ్గర జవాబుండేది కాదు. చిన్నదే అయినా ఈ రెండో గీత నాది. దాని మీద నాకు బెంగ లేదు.

మీరు వెళ్తే దువ్వాడలోనే దిగండి, సముద్రం పనయ్యాక చూడొచ్చు. గాజు తుడుచుకోవడానికి మెత్తని పొడిగుడ్డ వెంట తీసుకెళ్ళండి. మీరు కోరుకున్న గీతే మొదటిసారి కనబడితే, ఎవరికీ ఫోన్ చేయకముందే ఆ గుడ్డ బయటికి తియ్యండి.