నిలబడిన చోటు

ఎండకు కాలిన డాబా మీద తొలి చినుకులు పడగానే సిమెంటులోంచి ఒక వాసన లేస్తుంది. నిన్న ఏలూరులో మా ఇంటి పైన ఆరిన బట్టలు తీయబోయి ఆ వాసనకు ఆగిపోయాను. జేబులో సెల్‌ఫోను మోగింది. తీయలేదు. కొల్లేరు మధ్య మా లంకలో ఇలాంటి వాసనలోనే మార్తమ్మ గారు తుఫాను షెల్టరు మెట్లెక్కి వచ్చేవారు, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేతిలో ఫోనుతో.

ఆవిడ మా ఊరి నర్సు. తాడేపల్లిగూడెం వైపు క్రైస్తవ కుటుంబం. అప్పటికే యాభై దాటాయి. రెండువేల సంవత్సరం తరవాతి రోజులవి. కైకలూరులో ఐసు కొట్టుల్లో కూడా సెల్‌ఫోన్లు మోగుతున్నాయి. మా ఊళ్ళో మాత్రం షెల్టరు డాబా మీద, అదీ ఈశాన్యం మూల నిలబడితేనే సిగ్నలు. పురిటి నొప్పులొచ్చిన మనిషికి పడవ పిలవాలన్నా, ఒడ్డుకు బండి రప్పించాలన్నా ఆవిడ ఆ మెట్లు ఎక్కాల్సిందే.

నేను చేపల చెరువుల మీద గుమాస్తాని. డిగ్రీ చదివానన్న పొగరుండేది. టవరు కావాలని నేను రాసిన మొదటి అర్జీ చదివి ఆవిడ నవ్వారు. "సూరిబాబూ, ఇందులో ఏడుపుందిగానీ ఊరు లేదయ్యా. ఎక్కడ నిలబడ్డావు, ఎన్నింటికి, పక్కన ఎవరున్నారు, అది రాయి. ఏడుపులు ఆళ్ళకి రోజూ బోల్డు వస్తాయి." కాగితం ఇచ్చాక రసీదు లేకుండా ఆఫీసు గుమ్మం దిగకూడదని కూడా ఆవిడే నేర్పారు.

సెల్లు అందని ఊళ్ళలో టవరు కడితే కంపెనీకి ప్రభుత్వం సాయం చేస్తుందని పేపర్లో పడింది. ఆవిడ చెప్పినట్టే రాశాను, మళ్ళీ మళ్ళీ రాశాను. చివరకు ఊళ్ళో సిగ్నలు ఉందో లేదో పరీక్ష చేయడానికి ఇద్దరు అధికారులు వస్తున్నారని కబురొచ్చింది.

మా లంకకు పెద్దమనుషులెవరొచ్చినా షెల్టరు డాబా మీదే కూర్చోబెడతాం. కింద చేపల నీచు, దోమలు. పైన గాలి. ఆ రోజూ అంతే. చర్చిలోని ప్లాస్టిక్ కుర్చీలు పైకి మోసి, ఈశాన్యం మూల నీడకు తాటాకులు కప్పించి, కొర్రమీను పులుసుతో భోజనం పెట్టించాను. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మీటింగుకు కైకలూరు వెళ్ళిన మార్తమ్మ గారు పడవ దిగుతూనే పైకి చూసి, రొప్పుతూ మెట్లెక్కారు.

"ఎవరయ్యా పైన కూర్చోబెట్టింది?"

"మర్యాద కదండీ" అన్నాను.

పెద్ద అధికారి మూడో ముక్క వేయించుకుంటున్నాడు. "సిగ్నలు బానే ఉందికదమ్మా. ఇందాకే మా ఆవిడతో మాట్లాడాను."

"ఏవండీ, ఒక్కసారి కిందకి దిగి చూడండి బాబూ."

"రోజూ నాలుగు మెట్లెక్కితే మీ ఒంటిక్కూడా మంచిదే" అన్నాడు. పక్కవాడు నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇంకా వినబడుతుంది. సిగ్నలు ఉందని రాసుకుని పోయారు. ఎక్కడ నిలబడి చూశారో రాయలేదు. టవరు కట్టాల్సిన ఊళ్ళ జాబితాలోంచి మా ఊరి పేరు పోయింది.

ఆ ఏడాది వానల్లో ఒక మధ్యాహ్నం మా ఊరి నాగమణికి కాన్పు కష్టమైంది. మగవాళ్ళమంతా చెరువు గట్లు తెగకుండా మట్టి వేస్తున్నాం. ఇంట్లో ఉన్నది ముసలి అత్తగారొక్కతే. రక్తం ఆగలేదు. మార్తమ్మ గారు నాగమణిని వదిలి షెల్టరుకు పరుగెత్తారు. వానలో లైను రెండుసార్లు తెగింది. పడవ వస్తుందన్న మాట విని, దిగి ఆ ఇంటికి చేరేసరికి నాగమణి లేదు. బిడ్డ ఏడుస్తోంది.

రోగిని వదిలి వెళ్ళినందుకు ఆవిడకు మెమో ఇచ్చారు. ఆవిడ జవాబు రెండు ముక్కలు. "నేను నిలబడిన చోటు షెల్టరు డాబా, ఈశాన్యం మూల. పక్కన ఎవరూ లేరు." జంగారెడ్డిగూడెం అవతలకు బదిలీ చేశారు.

పడవ దగ్గర పెట్టె అందిస్తూ అన్నాను, "ఆ కుర్చీలు మోసింది నేనేనండీ. అది రాయలేదేం?"

"అది నా కాగితం కాదు కదయ్యా" అన్నారు. నా మొహం చూడలేదు.

తరవాత కొన్నేళ్ళకు మా ఊరికి టవరు వచ్చింది. ఆవిడ ఆ మెమోతోనే రిటైరయ్యారు, దానితోనే పోయారు. అది రద్దు చేయమని నేను ఇప్పటికీ అర్జీలు పెడుతున్నాను. పోయినావిడకి ఇప్పుడెందుకని నవ్విన ప్రతి గుమాస్తా మొహమూ నాకు గుర్తే. అర్జీ చివర ఎప్పుడూ ఒకే వాక్యం రాస్తాను: ఆనాడు అధికారులను డాబా మీద కూర్చోబెట్టినది ఈ అర్జీదారుడే, తాను పక్కనే నిలబడి విస్తరి వేసినాడు.

"ఇది కొట్టేయండి మాస్టారూ, మీ మీదకే వస్తది" అంటాడు కౌంటరులో కుర్రాడు.

కొట్టేయను. రసీదు ఇచ్చేదాకా అక్కడే నిలబడతాను.