బల్ల గుడ్డ కనిపించని శనివారం

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధంతా ఎరుగుదురు. అలాంటి నేను ఒక్క సంగతిని పదకొండేళ్లు దాచాను. ఆ సంగతి తాలూకు ఇద్దరూ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు గనుక ఇప్పుడు రాస్తున్నాను.

మా వీధి మలుపులో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిణ్ణి అందరం ఇస్త్రీ వదిన అనేవాళ్లం. "ఇస్త్రీయే గానీ ఉతుకు లేదు" అన్నది ఆవిడ మొదటి మాట. చొక్కా మీద మరక కనిపిస్తే తిప్పి పంపేసేది. మా చర్చి సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డను నెలనెలా ఇస్త్రీ చేసి పరచడం ఆవిడ పరిచర్య. పాట పాడేవాళ్లకున్న పేరు దానికి లేదు. అయినా ఆ పని మరొకరు ముట్టుకుంటానంటే పులిలా చూసేది.

ఆ శనివారం పొద్దున సంఘపెద్ద గుడ్డ కోసం వచ్చాడు. వదిన మూటలన్నీ విప్పింది, మళ్లీ కట్టింది. గుడ్డ లేదు.

"రేపు రొట్టె ఎక్కడ పెట్టమంటావమ్మా, నా నెత్తి మీదా?"

"పొద్దున్నే తెచ్చి పరుస్తానయ్యా."

"అసలెక్కడుందో చెప్పు."

ఆవిడ చెప్పకుండా మూటలు సర్దసాగింది. మొహం మాత్రం కందిపోయింది. మధ్యాహ్నానికల్లా గుడ్డ కాల్చేసిందని ఒకరూ, చించి జాకెట్లు కుట్టించుకుందని మరొకరూ మొదలుపెట్టారు.

నాకు అన్నం సహించలేదు. నేరుగా ఆవిడ పెరట్లోకి వెళ్లాను. ఉతుకు లేదన్న మనిషి ఇంట్లో తాళ్లనిండా తడి దుప్పట్లు! ఆవిడ తొట్టి ముందు కూర్చుని ఏదో రుద్దుతోంది. నలుగురు బిడ్డల్ని పెంచినదాన్ని, ఆ వాసన నాకు తెలియదా?

"ఎవరివి వదినా ఇవి?"

"వెళ్లిపో వదినా, నీకు దణ్ణం పెడతాను."

నేను వెళ్లే మనిషినా? తొట్టిలో చెయ్యి పెట్టి లాగాను. మూలన తెల్ల దారంతో కుట్టిన సిలువ కనిపించింది. అది బల్ల గుడ్డే.

అప్పుడు చెప్పింది. వీధిలో సగం మందికి అక్షరాలు దిద్దించిన టీచరమ్మ, మా స్త్రీల కూడికకు పెద్ద, ఈమధ్య కర్ర పట్టుకుంటే గానీ లేవలేని మనిషి, ఆరు నెలలుగా నిద్రలో పక్క తడుపుతోందట. ఆ దుప్పట్లు తన చెల్లెలే ఉతుకుతోందని టీచరమ్మ నమ్మకం. ఆ చెల్లెలికి చూపు ఆనదు, చేతులు వణుకుతాయి. అందుకని అక్కకు తెలియకుండా మూట తెచ్చి ఇక్కడ ఇస్తోంది. వదిన ఉతికి, ఇస్త్రీ చేసి, తెల్లగుడ్డలన్నిటికీ పెట్టినట్టే అంచు లోపలికి పెట్టి ఎనిమిది మడతలు వేసి పంపుతోంది. ఆ మడతే కొంప ముంచింది. బల్ల గుడ్డ దుప్పట్లలో కలిసిపోయింది, చెల్లెలు చేత్తో తడుముకుని దాన్నే అక్క పక్క మీద పరిచేసింది. మధ్యాహ్నం మూటలో అది మరకతో తిరిగొచ్చింది.

"మూటల్లో కలిసిపోయిందని చెప్పేయొచ్చుగా!"

"ఎవరి మూటలో అంటారు. మరకేమిటంటారు. ఆ మాట బయటపడితే టీచరమ్మ ఇంక గడప దాటదు వదినా."

"మరి నీ పరువో?"

"నాదేముందిలే. నీ నోరు ఒక్క రోజు మూసి పెట్టు, చాలు."

నేను గొంతు తగ్గించి అడిగాను: "దీన్నే ప్రభువు బల్ల మీద పరుస్తావా?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. అదే భయం ఆవిడకీ ఉందని అర్థమైంది. మళ్లీ రుద్దడం మొదలుపెట్టి అంది: "శిష్యుల కాళ్లు తుడిచిన తువ్వాలు ఆయన నడుముకే కట్టుకున్నాడు కదా. ఏమీ అనుకోడులే."

ఆకాశం నిండా మబ్బు. మరక పలచబడుతోంది గానీ పోవడం లేదు. నిమ్మచెక్కతో ఒకరం, ఉప్పుతో ఒకరం రుద్దాం. ఆదివారం పొద్దున తడిగుడ్డ మీదే ఇస్త్రీ పెట్టె నడిపింది. ఆవిరి లేచింది, గుడి మొదటి గంట మోగింది. మరక ఉన్నచోట ఆవిడ మళ్లీ మళ్లీ పెట్టె ఆనించింది. రెండో గంటకు గుడి గుమ్మంలో ఉన్నాం. బల్ల మీద పరిచాక వెతికి చూశాను. ఏమీ లేదు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద అందరిముందూ అడిగాడు: "నిన్న ఎక్కడికెళ్లిందమ్మా గుడ్డ?"

"పొరపాటు నాదేనయ్యా."

ముందు వరసలోంచి టీచరమ్మ లేచింది. "పొరపాటంటే సరిపోతుందా? అజాగ్రత్త మనిషికి ప్రభువు పని అప్పగించకూడదు. వచ్చే నెల నుంచి ఇంకొకళ్లు చూస్తారు."

నేను సగం లేచాను. మాట నాలుక చివర ఉంది. వదిన నావైపు చూసింది. కోపంగా చూసుంటే చెప్పేసేదాన్నే, కానీ ఆవిడ బతిమాలుతున్నట్టు చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

దారిలో ఉండబట్టలేక అనేశాను: "ఎవరి కోసం నువ్వు మాట పడ్డావో ఆ మనిషే నిన్ను..."

"చూశావా వదినా!" అని నా చెయ్యి పట్టుకుంది. "కర్ర పక్కన పెట్టి లేచింది! నెల్లాళ్లుగా ఆవిడకి గొంతే పెగల్లేదు, తెలుసా? ఇవాళ నన్ను బళ్లో పిల్లల్ని తిట్టినట్టు తిట్టింది."

కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతోంది. నటన ఎక్కడైనా దొరుకుతుందేమోనని నేను బాగా వెతికాను. దొరకలేదు.

"గుడ్డ పని పోయింది కదా నీకు."

"పోయింది," అంది. "అది మాత్రం బాధే."

వదిన ఇంటి ముందు టీచరమ్మ చెల్లెలు మూట పట్టుకుని నిలబడి ఉంది. "వచ్చేశా పిన్నీ," అంటూ వదిన కొంగు బొడ్లో దోపుకుంది. నేను తొట్టి మీద పంపు తిప్పాను.