నీళ్ళు పోసి చూసిన మా డైరెక్టర్ గారు

మా ప్రాజెక్టు డైరెక్టర్ గారు పోయారన్న వార్త నాకు పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి ఫోను చూస్తే ఆయన ఫొటో, పక్కన దీపం బొమ్మ, కింద వరుసగా దండాలు. పదవిలో ఉన్నవాళ్ళు, దిగినవాళ్ళు, ఆయన ఫోను చేస్తే ఎత్తనివాళ్ళు, అందరూ దండాలే. దానికి సరిగ్గా పైన, కొన్ని రోజుల కిందట ఆయనే పెట్టిన మరో ఫొటో ఉంది: రైలు పట్టాల కింది దారిలో నడుం లోతు నీళ్ళు. దాని కింద ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. మనిషి పోతే గానీ మావాళ్ళకు వేలు కదలలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, నేను చూసుకోలేదు.

తెలంగాణ వచ్చాక మా జిల్లాలో రైలు మార్గం పక్కన రెండో లైను వేసే పని మొదలైంది. దానికి ఆయన డైరెక్టరు. వంతెనలు, స్టేషన్లు, భూముల తగాదాలు, కాంట్రాక్టర్ల అలకలు, అన్నీ ఆయన నెత్తి మీదే. నేను ప్రజాసంబంధాల అధికారిని. అంటే, జరిగినదానికి పూలు పెట్టి, బొట్టు పెట్టి పత్రికలకు పంపడం నా ఉద్యోగం. మొదటి ప్రకటన రాసి తీసుకెళ్తే ‘ప్రతిష్ఠాత్మక’, ‘చరిత్రాత్మక’, ‘మహత్తర’ అన్న మాటలన్నీ కొట్టేసి నా చేతికిచ్చారు.

“ఏందమ్మా గిది? పని ఎంతైందో గంతే రాయి. చరిత్ర ముచ్చట మనకెందుకు?”

“అట్ల రాస్తే రెండు లైన్లే వస్తుంది సార్.”

“పనే గంతైంది మరి.”

పొగడ్త వింటే ఆయనకు ఒళ్ళు మంట. ఎవరైనా వేదికెక్కి ఆకాశానికెత్తుతుంటే కళ్ళద్దాలు తీసి, చేతిరుమాలుతో నెమ్మదిగా తుడుస్తూ కూర్చునేవారు. ఆ ప్రసంగం అయ్యేదాకా మళ్ళీ పెట్టుకునేవారు కాదు. ఎందుకని అడిగితే, “అద్దాల్లేకుంటెనే గీళ్ళు జర మంచిగ కనబడ్తరమ్మా” అన్నారు. నకిరేకల్‌లో ఒక కాంట్రాక్టరు ఆయన మెడలో గజమాల వేయబోతే, దాన్ని తీసుకెళ్ళి మట్టి తవ్వే పొక్లెయినర్ తొండానికి తగిలించారు. “నాకన్న గిదే ఎక్కువ చేసింది” అన్నారు. ఆ కాంట్రాక్టరు నవ్వలేక, ఏడవలేక చప్పట్లు కొట్టాడు. చప్పట్లు కొట్టడం మాత్రం మావాళ్ళు ఎప్పుడూ మరిచిపోరు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. పట్టాల కింద దారి కట్టడం పూర్తయ్యాక ఎవరెన్ని లెక్కలు చూపినా నమ్మేవారు కాదు. ట్యాంకర్లు తెప్పించి ఆ దారిలో నీళ్ళు పోయించేవారు. గట్టు మీద మడత కుర్చీ వేసుకుని, ఎండలో జొన్నరొట్టె తింటూ, ఆ నీళ్ళు ఎటు పోతాయో చూసేవారు. మా ఇంజినీర్లు వెనక నిలబడి ముసిముసిగా నవ్వుకునేవారు. “పొలాలకే నీళ్ళు లేవు, ఈ సార్ సిమెంటుకు పోస్తున్నడు” అని ఒకాయన నాతోనే అన్నాడు. ఆ నవ్వినవాళ్ళందరూ ఇప్పుడు పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నారు. నవ్వు ఎవరి ముందు ఆపాలో తెలిసినవాళ్ళు కదా.

నల్గొండకు దగ్గర్లోని ఒక ఊళ్ళో చేసిన ఆ నీళ్ళ పరీక్షే చివరికి ఆయన ఉద్యోగానికి ఎసరు పెట్టింది. ఆ ఊరివాళ్ళు టౌనుకు పోవాలంటే రైల్వే గేటు దాటే దారి ఒక్కటే. గేటు తీసేసి పట్టాల కింద నుంచి దారి ఇస్తామంటే ఊరంతా అడ్డం తిరిగింది. నాట్లేసే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద సువార్తమ్మ. ఆమె వచ్చి ఆయన జీపుకు అడ్డంగా నిలబడింది.

“వానకాలం గీ కిందికెల్లి ఎట్ల పోవాలె సారూ? నొప్పులొచ్చిన పిల్లను దవాఖానకు ఈత కొట్టుకుంట తీస్కపోవాల్నా?”

“నీళ్ళు నిలువని తొవ్వ ఇస్త. ఇచ్చేదాక గేటు తియ్య. నా మాట.”

“మాటకేంది సారూ, మస్తుమంది ఇచ్చిన్రు.”

“మరి నా మాట గూడ చూడు.”

దారి కట్టడం అయింది. నడివేసవిలో ట్యాంకర్లు వచ్చాయి. పోసిన నీళ్ళు పోసినట్టే కాలువలో పడి, పక్కనున్న కుంటలోకి వెళ్ళిపోయాయి. ఇంజినీర్లు సంబరపడ్డారు. ఆయన మాత్రం లేచి వెళ్ళి, నెర్రెలిచ్చిన ఆ కుంట మధ్యలో నిలబడ్డారు.

“గిది నిండితే?”

ఇంజినీర్లు కొలతల కాగితాలు విప్పారు. కొలతలన్నీ ఎండాకాలంలోనే తీసుకున్నారు. ఎండిన కుంటను చూసి ఖాళీ జాగా అనుకున్నారు. అడుగడుగునా కుంటలున్న జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళు, వాన పడితే కుంట నిండుతుందన్న సంగతి మరిచారు. ఆయన కాలువ నోటికి ఇసుక బస్తాలు అడ్డం వేయించి, కుంట నిండినట్టే లెక్కగట్టి మళ్ళీ నీళ్ళు పోయించారు. ఈసారి నీళ్ళు దారిలోనే నిలబడిపోయాయి.

కాలువను కుంటలో కలపకుండా దిగువన వాగు దాకా తవ్వాలి. వానల్లోపు అయ్యే పని కాదు. ప్రారంభోత్సవం తేదీ మాత్రం వానలకు ముందే ఖాయమైంది. హైదరాబాదు నుంచి పై అధికారి దిగారు. ఆ మాటలు జరిగినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను.

“ఒక్క ఊరి కోసం మొత్తం లైను ఆపేస్తారా?”

“లైను ఆపుమంట లేను సార్. రైలు నడుపుండ్రి, గేటు ఉంచుండ్రి.”

“గేట్లు లేని మార్గమని ప్రకటించేశాం కదండీ!”

“ప్రకటన మార్చుండ్రి. కుంటను మార్చనీకి రాదు.”

గేటు తీయడానికి అంతా సిద్ధమని ఆయన సంతకం పెట్టాలి. పెట్టలేదు. కొద్ది రోజుల్లోనే ఆయన్ను శిక్షణ విభాగానికి పంపించారు. అక్కడ శిక్షణకు వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన కుర్చీలోకి కొత్త డైరెక్టర్ వచ్చారు. ఈయనకు సంతకం పెట్టడం బాగా వచ్చు. గేటు పీకేశారు, మా జిల్లా నాయకుడు రిబ్బను కత్తిరించాడు, పత్రికల్లో ‘చరిత్రాత్మక’ అన్న మాట మళ్ళీ వచ్చి కూర్చుంది. మొదటి పెద్ద వానకే కుంట నిండి దారి మునిగింది. ఊరివాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకుని, రైలు వస్తుందేమోనని అటూ ఇటూ చూసుకుంటూ పట్టాలెక్కి దాటడం మొదలుపెట్టారు.

రిటైరై నల్గొండలో స్థిరపడ్డాక, వాన పడ్డప్పుడల్లా ఆయన అక్కడికి వెళ్ళేవారు. ఆ ఊరి ఖాజా ఆటోలో వెళ్ళి, ఫొటో తీసి, మా గ్రూపులో పెట్టేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. సువార్తమ్మ పట్టాల మీద నుంచి గడ్డిమోపుతో దిగుతూ ఆయన్ను చూసి ఆగింది.

“నీ మాట గూడ చూసినం సారూ” అంది.

ఆయన తల వంచుకుని విన్నారు. నాకు కోపం వచ్చి, అసలు జరిగిందేమిటో ఆమెకు చెప్పబోయాను. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అన్నారు: “మాటిచ్చింది నేను. గేటు ఎవడు తీసిండో ఆమెకెందుకమ్మా?” అంతకన్నా పెద్ద మనిషిని నేను చూడలేదు. ఆ మాట ఆయనకు ఎదురుగా చెప్పకపోవడమే మంచిదైంది, వెంటనే అద్దాలు తీసేసేవారు.

సంతాప సభ ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఫ్లెక్సీలో నాయకుడి బొమ్మ నిలువెత్తు, మా సార్ బొమ్మ మూలన బొట్టుబిళ్ళంత. ఆయన్ను శిక్షణ విభాగానికి పంపిన పెద్దమనిషే “నాకు అన్నలాంటివారు” అని గొంతు జీరబోయేలా మాట్లాడాడు. చివరగా కొత్త డైరెక్టర్ లేచి, ఆయనకు ఎంతో ఇష్టమైన ఆ ఊరి దారికి ఆయన పేరే పెడుతున్నామని ప్రకటించారు. హాలంతా చప్పట్లు. ఆ సమయానికి ఆ దారిలో నీళ్ళున్నాయి. వెనక వరుసలో ఖాజా, సువార్తమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు ఆటోలో మా మాటలు విన్న ఖాజా, అసలు జరిగిందేమిటో ఆమెకు ఎప్పుడో చెప్పేశాడట.

మోటార్లు పెట్టి నీళ్ళు తోడి, ఫొటోలు తీసుకునేంత సేపు దారిని పొడిగా ఉంచి, గోడకు ఆయన పేరున్న బోర్డు బిగించారు. ఆ వారమే మళ్ళీ వాన. నీళ్ళు బోర్డు కింది అంచును తాకాయని తెలిసి, సువార్తమ్మ, ఖాజా నీళ్ళలోకి దిగి దాన్ని ఊడదీశారు. ఆటోలో వేసుకుని నేరుగా నల్గొండలోని ప్రాజెక్టు ఆఫీసుకు తెచ్చారు. ఏదో పని మీద నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను.

“మా సారు పేరు నీళ్ళల్ల వద్దు” అంది సువార్తమ్మ, కొత్త డైరెక్టర్ ముఖంలోకి చూస్తూ. “వాగు దాక కాలువ తవ్వినంక పిలువుండ్రి, మేమే వచ్చి తీస్కపోతం.”

కాలువ ఇంకా తవ్వలేదు. బోర్డు డైరెక్టర్ గది బయట గోడకు ఆనించి ఉంది. తీసేయమనే ధైర్యం ఎవరికీ లేదు, తిరిగి తీసుకెళ్ళి బిగించే ముఖం అసలే లేదు. అధికారులు దాన్ని చూడనట్టు పక్కకు తిరిగి లోపలికి పోతున్నారు. అంచున ఎండిన బురద పెళ్ళలుగా రాలుతోంది. ఆఫీసు ఊడ్చే ఆమె రోజూ పొద్దున్నే ఆ మట్టిని ఊడ్చేసి, ఆయన పేరును కొంగుతో తుడిచి వెళ్తోంది.