రెండో పిడికిలి

మాదాపూర్‌లో నా ఉద్యోగం పోయిన నెల, ఈసారి చర్చికి దశమభాగం, అంటే జీతంలో పదో వంతు, ఇవ్వలేనని మా పాస్టర్‌గారికి చెప్పాను. రాబడి లేనివాళ్ళకూ పిల్లలకూ అది వర్తించదని, దిగులు పెట్టుకోవద్దని ఆయన నెమ్మదిగా అన్నారు. ఊరట కలగాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. నన్ను మనుషుల్లోంచి తీసేసినట్టే అనిపించింది.

మా అమ్మయితే ఆ మాట ఒప్పుకునేది కాదు. బాలానగర్‌లో నాన్నది వర్క్‌షాపు పని. అమ్మకు తనదంటూ సంపాదన లేదు. అందుకే ఎసట్లో పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేసేది. సంచిలోంచి తీస్తే ఇచ్చినట్టు కాదనేది. ఆదివారం ఆ డబ్బా ప్రార్థన గుడికి తీసుకెళ్ళేవాళ్ళం. నాకూ జీతం లేదు కదా, నేనేం ఇవ్వాలని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని బియ్యంలో పెట్టింది.

"నీ పిడికిలి ఎంతుంటే గంతే ఇయ్యి బిడ్డా. నువ్వు గూడ ఇచ్చేదానివే."

ఇక ఆ పని నాదే అయింది. నేను ఊరుకునే రకమా? పక్కింటి పిల్ల డబ్బా నిండిందని తెలిసి, పంతానికి రోజూ రెండో పిడికిలి కూడా వేశాను. అమ్మ వద్దనలేదు. ఆ రోజుల్లో మాకందరికీ వడ్డించి, తను ఆకలైతలేదంటూ గంజి తాగేది.

అమ్మ పోయి ఆరేళ్ళు. ఇప్పుడు ఖాజాగూడలో మా ఫ్లాట్‌లో నేనూ ఒక డబ్బా పెట్టాను. మా చర్చిలో కానుకలు వెయ్యడానికి కుర్చీ కుర్చీకీ స్కాన్ కోడ్ ఉంది గానీ, బియ్యం ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. అయినా పెట్టాను.

మధ్యాహ్నాలు ఇంట్లో నేనూ మా పాపే. నిన్న ఒక గ్లాసు బియ్యం కొలిచాను. పాప పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఇంకోటి వెయ్యనా అని అడిగింది. వెయ్యమన్నాను. దానికి వడ్డించాక గిన్నెలో నాకు సగం కడుపుకే మిగిలింది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అమ్మ కొలత ఏనాడూ పెంచలేదు. నా రెండో పిడికిలి అమ్మ కంచంలోది.

"నువ్వు తినవా మమ్మీ?"

"ఆకలైతలేదు బిడ్డా," అన్నాను.

అమ్మా, ఒక్క పూట వచ్చి కూర్చోవే. ముందు నీకే వడ్డిస్తాను.