ఎమ్మెల్యే గారికి టమాటాల దండ

నా పేరు ఒకసారి శాసనసభలో మోగింది. నవ్వకండి, నిజం. ఎన్నికల్లో గెలిచి కాదు, టమాటాల పుణ్యమా అని. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. పొట్ట చెక్కలైతే మాత్రం నా పూచీ లేదు.

అది పోయిన శాసనసభ ఆఖరి ఏడాది. పుంగనూరు దగ్గర మా ఊరికి అప్పట్లో బస్సు లేదు. మా చెల్లెలు భార్గవి ఇంటర్ కాలేజీకి వెళ్ళాలంటే పెద్ద రోడ్డు దాకా ఎండలో నడవాల్సిందే. "బస్సు రాకపోతే సదువు మానుకో" అని నాన్న తేల్చేశాడు. ఎమ్మెల్యే గారు మా ఊరికి వస్తున్నారని తెలియగానే భార్గవి నా వెంట పడింది.

"అన్నా, బస్సు సంగతి అడగన్నా!"

"ముందు ఆయన కంట్లో పడాల గదా? నువ్వు సూస్తా ఉండు" అన్నాను.

ఆ రోజుల్లో ఫోన్లలో ఎక్కడ చూసినా క్రేనుతో వేసే ఆపిల్ దండలే. నాయకుడి మెడ మీదికి దండ దిగుతుంది, ఫొటోలు తీస్తారు, మరుక్షణం జనం ఎగబడి పళ్ళు లాక్కుపోతారు. ఆపిళ్ళు కొనే తాహతు నాకెక్కడిది? మదనపల్లె మార్కెట్టుకు వెళ్ళి బుట్టలకొద్దీ టమాటాలు తెచ్చి దండ కట్టాను. కుప్పం గ్రానైట్ క్వారీలో పని చేసే నా స్నేహితుడు షఫీ, అంత దూరం నుంచీ క్రేను తోలుకొచ్చాడు.

"అరే భాయ్, ఇంత మాగినవి యాల తెచ్చినావు?" అన్నాడు దండను చూసి.

"రంగు సూడప్పా, రంగు! ఫొటోలో అదిరిపోవాల."

పొద్దున్నే వస్తానన్న ఎమ్మెల్యే గారు ఎండ నడినెత్తికి ఎక్కాక వచ్చారు. అప్పటిదాకా దండ ఆకాశంలో వేలాడుతూ ఉడుకుతూనే ఉంది. తెల్లటి చొక్కాలో ఆయన కారు దిగారు. నేను "దించప్పా!" అని అరిచాను. దండ దిగింది. ఆయన నవ్వుతూ చేతులు జోడించారు. మా ఊరి జనం ఆచారం తప్పలేదు, ఒక్క పెట్టున ఎగబడి టమాటాలు పట్టి లాగారు. ఆపిళ్ళయితే చేతికి వచ్చేవి. ఇవి చేతుల్లోనే చితికాయి. ఆయన ముక్కు మీద గింజలు, మీసాల మీద తొక్కలు. చారు కాయడానికి చింతపండొక్కటే తక్కువ.

"ఎవురప్పా ఈ పని జేసింది?" అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ.

ఊరంతా నా వైపు చూసింది. క్రేనులోంచి షఫీ కూడా, ద్రోహి, నాకేసి వేలు చూపించాడు.

చివరికి ఎమ్మెల్యే గారు మా నాన్న లుంగీ కట్టుకుని మా వసారాలో కూర్చున్నారు. అమ్మ ఉతికిన చొక్కా తీగ మీద ఆరుతోంది. నేను విసనకర్రతో ఆయనకు విసురుతున్నానే తప్ప బస్సు ఊసే మరిచిపోయాను. అంతలో చెమటలు కక్కుతూ భార్గవి వచ్చింది.

"యాణ్ణించి వస్తాండావమ్మా?" అని ఆయన అడిగారు.

"కాలేజీ నించి సార్. ఊరికి బస్సు ల్యాదు, నడిసే వస్తాండా. ఇంక మానుకోమంటాండాడు మా నాయన. మా అన్న చెప్పలేదా సార్?"

ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. "నోరుండాది గదప్పా నీకు! ఈ ముక్క చెప్పేదానికి క్రేను యాల?"

కొన్నాళ్ళకు శాసనసభ సమావేశాలు మొదలయ్యాయి. మేమంతా టీవీ ముందు కూర్చున్నాం. ఆయన లేచారు. "అధ్యక్షా! మా నియోజకవర్గంలో ఒక ఊరికి బస్సు లేదు. ఆ సంగతి నాకు తెలియడానికి, గంగులప్ప అనే యువకుడి దయవల్ల, ఒక మంచి చొక్కా బలైంది" అన్నారు. సభ్యులంతా బల్లలు చరిచి నవ్వారు. మా ఇంట్లో మాత్రం నాన్న ఒక్కడే నవ్వలేదు.

ఆ పదవీకాలం ముగిసేలోపే బస్సు వచ్చింది. మొదటి రోజు కిటికీ పక్క సీట్లోంచి భార్గవి చెయ్యి ఊపుతుంటే నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇప్పుడు అది మదనపల్లెలో నర్సింగ్ చదువుతోంది.

ఇప్పుడు కొత్త సభ, కొత్త సభ్యుడు. మొన్న ఊరి పెద్దలు మా ఇంటికి వచ్చారు.

"గంగులప్పా, మనూరికి ఆసుపత్రి కావాలప్పా. ఆ టమాటాల దండే మళ్ళా కట్టు. అదైతేనే పని అవతాది."

నేను లేచి నిలబడి, చెయ్యి ముందుకు చాచి, గొంతు సవరించుకున్నాను. "గంగులప్ప అనే నేను, ఏ పార్టీ వారైనా సరే, రాగద్వేషాలు లేకుండా, ఏ శాసనసభ్యుడి నెత్తి మీదికీ పండినదేదీ ఎత్తనని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను."